పిలిస్తే రాస్తారు

అనంతగిరి కొండల మీద పడిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పుకు జారిన నీళ్లు మూసీ అయి, హైదరాబాదు మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. పడమటికి జారినవి కాగ్నా అయి, మా తాండూరు పక్క నుంచి కర్ణాటకలోకి దిగి, భీమా నదిలో పడి, చివరికి ఆ కృష్ణమ్మనే చేరతాయి. కాగ్నా ఒడ్డున, తాండూరుకు దిగువన మాల్ఖేడ్ అనే ఊరుంది. ఒకప్పుడు దాని పేరు మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదో శతాబ్దంలో, అమోఘవర్షుని కాలంలో, ఆ ఆస్థానంలోనే ‘కవిరాజమార్గం’ పుట్టింది. కన్నడంలో మనకు దొరుకుతున్న తొలి గ్రంథం అది. కవిత్వం ఎలా రాయాలి, రాతలో ఏది గుణం, ఏది దోషం అని చెప్పే పుస్తకం. మా ఏటి నీళ్లు తాగిన ఊళ్లో రాయడం నేర్పే పని వెయ్యేళ్లకు ముందే మొదలైందన్న మాట.

నేను తాండూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా కందిపప్పు, నాపరాళ్లు, సిమెంటు గుర్తొస్తాయి. కథో కవితో గుర్తు రాదు. ‘మీ దిక్కు రాసేటోళ్లు ఎవరున్నరు టీచర్?’ అని సాహిత్య సభల్లో నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది వికారాబాదు దగ్గర ఒక మామిడితోటలో, పొద్దుట మొదలై పొద్దుగూకే దాకా సాగిన ఒక రచనా శిబిరంలో. ఆ ఒక్క రోజు ఎలా నడిచిందో, అందులో ఏం చేయించారో వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఇటువంటి రోజు ఏ ఊళ్లోనైనా పెట్టుకోవచ్చు.

సభ వేరు, శిబిరం వేరు

మనకు సాహిత్య సభలకు కొదవ లేదు. పుస్తకావిష్కరణలు, సన్మానాలు, కవి సమ్మేళనాలు నిత్యం జరుగుతూనే ఉంటాయి. సభలో వేదిక మీద నలుగురు మాట్లాడతారు, కింద కూర్చున్నవాళ్లు వింటారు. శిబిరంలో వేదిక ఉండదు. వచ్చిన ప్రతి ఒక్కరూ రాయాలి, రాసింది చదవాలి, ఎదుటివాళ్లు చదివింది వినాలి. నేర్పడానికి వచ్చినవాళ్లు కూడా మనతోపాటే కూర్చుని రాస్తారు.

ఈ పద్ధతి ప్రపంచంలో చాలా చోట్ల వేళ్లూనుకుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రచనా వర్క్‌షాపు కథలు, కవితలు రాయడాన్ని చదువులో భాగం చేసింది. ఇంగ్లండులో జాన్ మోట్, జాన్ ఫెయిర్‌ఫాక్స్ అనే ఇద్దరు కవులు 1968లో ‘ఆర్వన్’ ప్రారంభించారు. పల్లెటూరిలో ఒక పాత ఇల్లు, కొద్దిమంది మనుషులు, వంతులవారీగా వంట, మిగతా వేళంతా రాత, ఇదీ వాళ్ల ఏర్పాటు. మన దగ్గరా ఇది కొత్త కాదు. విప్లవ రచయితల సంఘం (విరసం) సాహిత్య పాఠశాలలు నడిపింది. స్త్రీవాద పత్రిక ‘భూమిక’ రచయిత్రులను కూడగట్టి సాహితీ యాత్రలకు తీసుకెళ్లింది. మహమ్మద్ ఖదీర్‌బాబు తదితరులు నడిపిన ‘రైటర్స్ మీట్’ కథకులను ఒకచోట కూర్చోబెట్టి, ‘కొత్త కథ’ సంకలనాలు తెచ్చింది. అయితే ఇలాంటి వాటి కోసం రోజుల తరబడి ఇల్లు వదిలి ఉండటం ఉద్యోగస్తులకు, ఆడవాళ్లకు, కూలి పని మీద బతికేవాళ్లకు సాధ్యం కాదు. అందుకే ఒక్క రోజు శిబిరం మనబోటి వాళ్లకు సరైనది.

ఊరి బయటే ఎందుకు పెట్టాలి అనొచ్చు. ఇంట్లో కూర్చుంటే కుక్కర్ కూత వినిపిస్తుంది, కాలింగ్ బెల్ మోగుతుంది, ఎవరో ఒకరు పేరు పెట్టి పిలుస్తారు. ఒక వాక్యం మనసులో రూపు కట్టడానికి ఎవరూ పిలవని కాసింత వేళ కావాలి. సొంత గది, చేతిలో కొంత డబ్బు ఉంటే తప్ప స్త్రీ రాయలేదని వర్జీనియా వుల్ఫ్ 1929లో వాదించింది. మా ఇళ్లలో సొంత గది మాట అటుంచి, ‘ఆదివారం పూట ఎటు పోతున్నవ్?’ అనే ప్రశ్న దాటి గడప బయట కాలు పెట్టడమే పెద్ద పని. ఆ శిబిరానికి వచ్చిన ఆడవాళ్లమందరం ఆ ప్రశ్న దాటి వచ్చినవాళ్లమే.

కంది పూత కాలం

అది కార్తీక మాసం. అనంతగిరిలో పద్మనాభస్వామి జాతర జరిగే నెల, వనభోజనాల నెల. తాండూరులో పొద్దుటి రైలెక్కితే గంటలోపే వికారాబాదు. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం కాలంలో, 1874లో పడిన దారి ఇది. తాండూరు దాటాక కిటికీ బయట నల్లరేగడి, పచ్చటి పూత మీదున్న కంది చేలు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పు రుచికి ఈ నేలలోని బంకమట్టి ఖనిజాలే కారణమంటారు. ధారూరు దాటి వికారాబాదు దగ్గర పడేసరికి నేల రంగు మారి ఎర్రబడుతుంది. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు చేవెళ్ల మర్రిచెట్ల నీడలో మన్నెగూడ దాకా వచ్చి కుడికి తిరిగారు.

తోటలో మామిడిచెట్ల కింద జంపఖానాలు పరిచారు. వచ్చినవాళ్లు ఇరవై మందికి లోపే. ఒక అంగన్‌వాడీ టీచరు, మార్కెట్ యార్డులో కాంటా దగ్గర లెక్కలు రాసే గుమాస్తా, ఒక పంచాయతీ కార్యదర్శి, డిగ్రీ చదివే పిల్లలు, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. నేర్పడానికి వచ్చిన కథా రచయిత్రిని నేను మేడమ్ అని పిలవబోతే ‘అక్కా అను, సరిపోతది’ అంది. ఫోన్లన్నీ ఒక వెదురు బుట్టలో వేయించింది. ఇంట్లో అత్యవసరమైతే చేయడానికి తోట కాపలాదారు నంబరు ముందే అందరి ఇళ్లకూ ఇప్పించింది. ఆ చిన్న ఏర్పాటు వల్ల తల్లులకు మనసు కుదుటపడింది. ఇటువంటి శిబిరం పెట్టేవాళ్లు దీన్ని మరవకూడదు.

చప్పుడుతో మొదలు

మొదటి పని పది నిమిషాలది. ‘మీ ఇంట్ల తెల్లారంగనే మొదట ఇనబడే చప్పుడు గురించి రాయుండ్రి. పెన్ను ఆపొద్దు. రాసింది కొట్టేయొద్దు. ఏం తోచకపోతే ఏం తోచలేదనే రాయుండ్రి’ అంది అక్క. ఆపకుండా రాయడమనే ఈ సాధనను అమెరికన్ అధ్యాపకుడు పీటర్ ఎల్బో 1973లో వచ్చిన తన పుస్తకంలో వివరించి ప్రచారంలోకి తెచ్చాడు. దాని వెనక ఉన్న ఆలోచన తేలికైనది. రాయడం ఒక పని, దిద్దడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేయబోతే చెయ్యి కదలదు. బడిలో ఎర్ర సిరా చూసి చూసి మనకు మొదటి వాక్యం దగ్గరే భయం పుడుతుంది. పది నిమిషాలు ఆ భయాన్ని పక్కన పెట్టడమే ఈ సాధన.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి నాపరాయి కోసే మిషను చప్పుడు రాసింది. దానికంటే ముందు వాళ్ల నాన్న దగ్గు వినిపిస్తుందని చివరి వాక్యంలో రాసింది. వాళ్ల నాన్న పాలిషింగు యూనిట్లో పనిచేస్తాడు. అక్క ఆ అమ్మాయితో ‘నీ కథ చివరి వాక్యం కాడ మొదలైతది. అక్కడికెళ్లి మళ్లా రాయి’ అంది. ఆ అమ్మాయి ఆ రోజంతా ఆ దగ్గు మీదే రాసింది.

రెండో పని నడక. అరగంట సేపు ఎవరూ మాట్లాడకుండా అనంతగిరి కొండ దారిన నడిచి రావాలి. వచ్చాక చూసినవి రాయాలి. ‘అందంగా ఉంది, ఆహ్లాదంగా ఉంది, మనసు పరవశించింది. ఈ మూడూ ఇయ్యాల బందు’ అని ముందే షరతు పెట్టింది అక్క. పేర్లతోనే రాయాలి. చెట్టు అంటే ఏ చెట్టు? టేకా, మోదుగా, తునికా? రాయి అంటే ఏ రాయి? నడిచి వచ్చాక కాగితాల మీద పడినవి ఇవి: కోతులు తిని పారేసిన సీతాఫలం గింజలు, చెప్పులకు అంటిన ఎర్రమట్టి, టేకాకు మీద పురుగు తిన్న జల్లెడ కంతలు, దారి పక్కన ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసు. అనంతగిరిలో ఒకప్పుడు క్షయ రోగులను గాలి మార్పుకు తెచ్చి ఉంచే శానటోరియం ఉండేది. రిటైరైన పెద్దాయన ఆ వైపు చూస్తూ నిలబడి, చిన్నప్పుడు మేనత్తను అక్కడ వదిలి వెళ్లిన రోజు రాశారు. ఆమె ఇచ్చిన బిస్కెట్ పొట్లం తల్లి తిననివ్వలేదట. ఆయన ఏడుపు గురించి ఒక్క మాట రాయలేదు. పొట్లం గురించే రాశారు. వింటున్న మా కళ్లు తడిశాయి.

కొండ గాలి వల్ల ఆ పెద్దాయనకు ఊహ తట్టిందని నేను అనను. ఆ సంగతి అరవై ఏళ్లుగా ఆయన దగ్గరే ఉంది. దాన్ని అడిగినవాళ్లు, కూర్చుని విన్నవాళ్లు ఆ రోజు దాకా లేరు.

వినడం నేర్చుకున్న పూట

మధ్యాహ్నం జొన్నరొట్టె, కందిపప్పు, వంకాయ కూర, పండుమిరప తొక్కు. తిన్నాక అసలు పని మొదలైంది. పొద్దుట రాసిన వాటిలోంచి ఒకటి తీసుకుని గంట సేపు పెంచి రాయాలి. తర్వాత గుండ్రంగా కూర్చుని చదవాలి.

చదవడానికి నియమాలున్నాయి. చదివినవాళ్లు తమ రాతను సమర్థించుకోకూడదు, సంజాయిషీ ఇవ్వకూడదు, మౌనంగా ఉండాలి. విన్నవాళ్లు ‘బాగుంది’, ‘బాగలేదు’ అనకూడదు. మొదట తమకు ఏది గుర్తుండిపోయిందో చెప్పాలి. తర్వాత ఎక్కడ అర్థం కాలేదో అడగాలి. సలహా చిట్టచివర, అదీ రాసినవాళ్లు కోరితేనే. రాసినవాళ్లు మౌనంగా ఉండే నియమం అయోవా వర్క్‌షాపు సంప్రదాయం నుంచి ప్రపంచమంతా పాకింది. ఇంటి భాష మీద చిన్నచూపు అనుభవించిన చోట్ల రచయిత నోరు మూయించే ఈ పద్ధతిపై విమర్శలూ వచ్చాయి. అక్క ఆ సంగతి ఎరిగి, చదివినవాళ్లకు ఆఖర్న మాట్లాడే అవకాశం ఇచ్చింది. అది సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

కాంటా గుమాస్తా కందుల సీజను రాశాడు. రైతు బస్తా కాంటా ఎక్కుతుంది. రైతు కళ్లు ముల్లు మీద ఉంటాయి. వ్యాపారి కళ్లు రైతు మీద ఉంటాయి. తను మాత్రం కాగితం మీద నుంచి తల ఎత్తడు. అంతే, అర పేజీ. తాండూరు మాట ఎట్లా ఉంటుందో అట్లాగే రాశాడు. అందులో ఉర్దూ ఉంది, కన్నడం పొడ ఉంది. చదివాక ‘ఇది పుస్తకం భాష గాదు, దిద్దాల్నా అక్కా?’ అని అడిగాడు. ‘ఒక్కక్షరం ముట్టకు’ అంది అక్క. అతని ముఖంలోకి వచ్చిన వెలుగు నేను చూశాను. తెలుగు టీచరుగా నేను ఆ మాటను మా బడిదాకా మోసుకొచ్చాను. ఇప్పుడు మా పిల్లల వ్యాసాల్లో ఇంటి మాటలుంటే ఉంచుతున్నాను.

నేను మా తొమ్మిదో తరగతి పిల్లవాడి గురించి రాశాను. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. నాపరాళ్ల గనిలో పనికి పెట్టారని పిల్లలు చెప్పారు. హాజరు పట్టీలో వాడి పేరు కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. చాలా కాలం రోజూ పిలుస్తూనే ఉన్నాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి తరగతి మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండేది. నేను చదివాక అంగన్‌వాడీ టీచరు ‘ఆ పిలగాడు కూర్చునే జాగల ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నరు టీచర్?’ అని అడిగింది. ఆ ప్రశ్న లేకపోతే నా కథకు రెండో పేజీ ఉండేది కాదు. మంచి శ్రోత అడిగే ఒక్క ప్రశ్నకు ఉన్న శక్తి అటువంటిది.

సాయంత్రం దిద్దుబాటు. ‘మొదటి పేరా తీసేసి చదువుండ్రి. కథకు లోటు రాలేదంటే అది మీరు కథల దిగేదానికి తీసుకున్న టైమే’ అంది అక్క. చాలామంది మొదటి పేరా ఎగిరిపోయింది. నాదీ పోయింది. కందులను చాటలో చెరిగినట్టు పొట్టు ఎగిరిపోతే గింజ మిగిలింది.

ఒక్క రోజులో ఏమవుతుంది?

ఒక్క రోజులో ఎవరూ రచయిత అయిపోరు. పూర్తి కథ కూడా రాదు. అందరం ఒకటి రెండు పేజీల చిత్తుప్రతితో ఇంటికి వెళ్లాం. నెల తిరిగేలోగా దాన్ని పూర్తి చేసి ఒకరికొకరం పంపుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. ఈ ఒప్పందమే శిబిరానికి ప్రాణం. అది లేకపోతే రోజంతా పడిన కష్టం ఒక విహారయాత్రగా మిగులుతుంది.

అచ్చు కావడం ఒక్కటే రాతకు ప్రయోజనం కాదు. 1986లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ సహ పరిశోధకురాలితో కలిసి ఒక ప్రయోగం ప్రచురించాడు. కొందరు విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున తమను కుదిపేసిన అనుభవాలను రాశారు. మరికొందరు మామూలు విషయాలు రాశారు. జరిగినదాన్నీ, దాని వెంట ఉన్న బాధనూ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరకు వెళ్లే అవసరం వాళ్లకు తక్కువ పడింది. ఆ తర్వాత ఈ విషయం మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఫలితాలు అన్నింటిలో ఒకేలా లేవు. అయినా మేనత్త గురించి రాసిన పెద్దాయన తిరుగు ప్రయాణంలో ఎంత తేలికగా మాట్లాడారో చూసిన నాకు, ఆ ప్రయోగంలో నిజం ఉందనిపిస్తుంది. బరువైన సంగతులు బయటికి వచ్చినప్పుడు ఆ మనిషిని పట్టించుకుని, పక్కన కూర్చునేవాళ్లు శిబిరంలో ఉండాలి.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న. మా దిక్కు రాసేవాళ్లు ఎవరున్నారు? తెలంగాణ మొత్తం ఈ ప్రశ్నను ఒకసారి ఎదుర్కొంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే అనుమతి కావలసిన రోజులవి. ఆ రోజుల్లో ఊరూరా ఉన్న కవుల రాతలు తెప్పించి అచ్చు వేశారు. ఆ 354 మంది సంచిక కోసం కొత్తగా పుట్టినవాళ్లు కాదు. అడిగేదాకా బయటికి రానివాళ్లు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997లో కథానిలయం కట్టి, ఎక్కడెక్కడి కథలనూ ఒక చోటికి చేర్చారు. ఇద్దరు పెద్దలూ చేసింది ఒకటే పని. మీరు రాసింది మాకు కావాలి అని పిలిచారు.

మీ ఊళ్లో పెట్టాలంటే

దీనికి పెద్ద ఖర్చు లేదు. పది పన్నెండు మంది, ఒక తోటో, బడి వరండానో, మండల గ్రంథాలయమో చాలు. కథలు బాగా చదివిన ఒక మనిషి నడిపించాలి. పేరున్న రచయితే రావాలని లేదు. వండిపెట్టే పని వచ్చిన ఆడవాళ్ల మీద వేయకుండా వంటకు ముందే మనిషిని మాట్లాడుకోండి. మొదటి గంటలో ఉపన్యాసం పెట్టకండి, వచ్చిన పది నిమిషాలకే అందరి చేతా పెన్ను పట్టించండి. సన్మానాలు, శాలువాలు, ఫొటోలు సాయంత్రం దాకా వద్దు. చదివింది రాసినవాళ్లు ఒప్పుకోకుండా బయట చెప్పకూడదని అందరూ మాట ఇచ్చుకోండి. కవులను, టీచర్లను పిలిచి ఊరుకోకుండా హమాలీని, ఆశా కార్యకర్తను, ఆటో నడిపే పిల్లవాణ్ణి, ఇంటి పట్టున ఉండే గృహిణిని పిలవండి. రాయడం రానివాళ్లుంటే వాళ్లు చెబుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు రాసిపెట్టండి. వెళ్లేముందు మళ్లీ కలిసే తేదీ ఖాయం చేసుకోండి.

మీ ఊళ్లో రాసేవాళ్లు ఉన్నారు. వచ్చే నెల ఒక ఆదివారం ఖాళీ పెట్టుకుని, వాళ్ల గడప దాకా వెళ్లి, పేరు పెట్టి పిలవండి.